పైపలక మీద గింజ

నాకు తలపొగరు పట్టిందని ఎపిఫానియా పిండిమర దగ్గర అందట. నానబెట్టిన మొక్కజొన్నల బక్కెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ పదిమంది ఆడవాళ్ళ ముందు అందట. ఆగస్టు జాతరలో ఆయన గిటారుకి బహుమానం వచ్చినప్పట్నించీ క్రిసోఫోరో తాత కాలు నేల మీద ఆనడం లేదమ్మా, మొన్న గుడి మలుపులో ఎదురుపడి తాతా బాగున్నావా అని రెండుసార్లు అడిగితే స్తంభాన్ని దాటినట్టు దాటిపోయాడు, నేనేమన్నా ఆయన గిటారు అరువడిగానా, అని అందట. నాకంటే పదేళ్ళే చిన్నది ఎపిఫానియా, అయినా మా ఊళ్ళో మీసం నెరిసిన ప్రతివాడూ తాతే. ఇదంతా నా భార్య దెల్ఫీనా వచ్చి, నా ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా పెదాలతో నమిలి నమిలి చెప్పింది. ఈ మధ్య నాతో అలాగే మాట్లాడుతోంది. ఎందుకలా అని నేనడగను, తనూ చెప్పదు. పోనీలే, పొగరనే అనుకోనీ, అని నవ్వాను. నిజానికి కడుపు చల్లబడింది. పొగరుబోతు చేసిన గిటారు జనం కళ్ళకద్దుకుని పట్టుకెళ్తారు. చెవిటివాడు చేసింది ఎవడు ముట్టుకుంటాడు?

మొదటి గంట కొట్టారు. విన్నానని చెప్పను, బల్ల మీద ఆనించిన అరచేతికి తెలిసింది. గుడిలో పెద్ద గంట కాబట్టి కొయ్యలోకి దిగి, కొయ్యలోంచి ఎముకలోకి ఎక్కుతుంది. చిన్న గంట కొడుతున్నారో మానేశారో రెండేళ్ళుగా నాకు తెలీదు. ఇంకో అరగంటకి రెండోది, ఆ తర్వాత అరగంటకి మూడోది. మూడో గంటకి పూజ మొదలు, ఆ గంటకే హెలాసియో వచ్చి తన గిటారు తీసుకుంటానన్నాడు. ఇవాళ కోర్పుస్, క్రీస్తు దేహానికి చేసే పండుగ. పూజ అయ్యాక గుడి మెట్ల మీద నిలబడి ఎవరు చేసిన వస్తువులు వాళ్ళు జనంలోకి విసరాలి, రొట్టెల వాళ్ళు రొట్టెలు, కుమ్మరులు వేలెడంత కుండలు, మేం అరచేతిలో పట్టే బొమ్మ గిటార్లు. నా బుట్ట గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. విసరడం అయ్యాక హెలాసియో పాడతాడు. అసలు గిటారు ఇక్కడ నా ముందు బల్ల మీద, దుప్పటి పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంది, చంటిదానంత ఒళ్ళు, ఆరు తీగలూ బిగించి ఉన్నాయి, తీగల కొసలు కట్టే బ్రిడ్జికీ గుండ్రటి కన్నానికీ మధ్య మూడో తీగ కింద ఒక మొక్కజొన్న గింజ.

గింజ పెట్టడం మా వీధి పద్ధతి. కొత్త గిటారుకి తీగలు ఎక్కించాక, పుచ్చుకునేవాడి చేతిలో పెట్టే ముందు, మొదటి గంట నుంచి మూడో గంట దాకా దాన్ని అలా పడుకోబెట్టాలి. ఆరు తీగలూ కలిసి బ్రిడ్జిని ముందుకు లాగుతూంటాయి, ఒక పిల్లవాడు వేలాడినంత బరువు. పైపలకలో బలం ఉంటే గింజ పెట్టినచోటే ఉంటుంది. లేకపోతే పలక కన్నం వైపు కుంగుతుంది, కంటికి ఆననంత కుంగుతుంది, గింజకి మాత్రం తెలుస్తుంది. జారి కన్నంలో పడి టక్కుమంటుంది. అందుకే దెల్ఫీనా ఒలిచే కంకుల్లోంచి బాగా గుండ్రటి గింజ ఏరి పెడతాం. మా నాన్న గింజ పెట్టేసి వెనక్కి తిరిగి ఇంకో గిటారు మెడ చెక్కుకునేవాడు, చెవి మాత్రం ఇక్కడ వదిలేసేవాడు. నేను పీట లాక్కుని ఎదురుగా కూచున్నాను. గింజకి కాపలా కూచున్న మేస్త్రిని మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. గుమ్మంలో కూచుని కంకులు ఒలుస్తున్న దెల్ఫీనా ఒకసారి తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది. రెప్ప వెయ్యాలంటే భయంగా ఉంది. రెప్ప వేసినంతలో జారిపోతే? జారిందని నాకెవరు చెబుతారు?

కదల్లేదు. అక్కడే ఉంది. నూనెపూత మీద దాని నీడ కూడా అక్కడే ఉంది.

పన్నెండేళ్ళు అటక మీద ఎండిన దేవదారు అది. కొండమీద మంచు పట్టే వైపున పెరిగిన చెట్టు, గీతలు తలవెంట్రుకల్లా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎవరికోసమూ తియ్యకుండా దాచుకున్నాను, హెలాసియో అడిగాడని తీశాను. పలకని రెండు వేళ్ళతో పై అంచున పట్టుకుని, చెవి దగ్గరికి తెచ్చి, బొటనవేలి కణుపుతో కొడతాం. మందంగా ఉన్నప్పుడు తలుపు కొట్టినట్టే ఉంటుంది. చిత్రిక పట్టి, కొట్టి, గీకి, మళ్ళీ కొట్టి, అలా పోగా పోగా ఒకచోట పలక నోరు తెరుస్తుంది. దెబ్బ అయిపోయాక కూడా సన్నటి మోత ఒకటి గాల్లో నిలబడుతుంది, ఎవరో అవతలి కొండ మీంచి పిలిచినట్టు. అది రాగానే చెయ్యి ఆపాలి. కొలత రేకు పెట్టి మందం చూసుకునేవాళ్ళని మా వీధిలో దర్జీలంటాం. ఏం దర్జీ, చొక్కా ఎంతవరకు వచ్చింది, అని ఏడిపిస్తాం. మా ఇంట్లోకి నాన్న కొలత రేకు రానివ్వలేదు, ఆయన పోయి ఇరవై రెండేళ్ళయినా నేనూ రానివ్వలేదు. చెవి ఉన్నవాడికి రేకెందుకు? అదీ మా తెగులు. ఏప్రిల్లో ఈ పలక కొట్టాను, మోత రాలేదు. గీకాను. కొట్టాను, రాలేదు. చెక్క మొండిదనుకున్నాను, పన్నెండేళ్ళు ఎండి బిర్రబిగుసుకుందనుకున్నాను, చెక్కని తిట్టాను, గీకాను. దెల్ఫీనా పొయ్యిలోకి పొట్టు ఎత్తుకుపోతూ, ఈసారి బుట్ట నిండిందే, అంది. వినపడనట్టు ఊరుకున్నాను. ఆ మాట మాత్రం బాగా వినపడింది.

ఆఖరికి వచ్చింది. వచ్చిందనుకున్నాను. సన్నగా, పొడుగ్గా, ఆగకుండా. సంతోషంతో పలకని ముద్దు కూడా పెట్టుకున్నాను. ఆ రాత్రి పక్క మీద వాలాక, పలక అవతల పనిబల్ల మీద ఉండగా, అదే మోత నా తలలో మోగుతూనే ఉంది. ఏడాదిగా నా తలలో ఒక ఈల ఉంది, దోమ చెవిలో దూరి బయటికి రాలేకపోయినట్టు. దాన్ని నేను పలక గొంతు అనుకున్నాను. లేదు, అనుకోలేదు, పలకదే అయ్యుంటుంది. రెండూ ఒకేలా ఉన్నప్పుడు ఏది ఏదో ఎవడు చెప్పగలడు? పొద్దున్నే లేచి లోపలి పట్టీలు అంటించాను, పెట్టె మూశాను, మూసేశాక ఇంక కొలిచేందుకు కూడా లేదు. మొన్న సాయంత్రం లోపల జిగురు చుక్కలేమైనా మిగిలాయేమో చూద్దామని చిన్న బల్బు కన్నంలోంచి దింపాను. పలక వెలిగింది. ఎండకి అడ్డంగా నిలబడ్డ మనిషి చెవి వెలిగినట్టు, ఎర్రగా, నరాలతో సహా. ఏడు పట్టీలూ విసనకర్ర పుల్లల్లా కనపడ్డాయి. ఒక్క దెబ్బన బల్బు ఆర్పేసి చీకట్లో కూచున్నాను. నా ఒంట్లో ఎవరో దీపం దింపి లోపలున్నదంతా వీధికి చూపించినట్టయింది.

గింజ ఉంది. కొంచెం కన్నం వైపు జరిగిందా? ఇందాక పెట్టినప్పుడు దాని ముక్కు రెండో తీగ వైపు ఉందా, నాలుగో తీగ వైపు ఉందా? గుర్తు పెట్టుకోవాల్సింది. పెన్సిలుతో చుక్క పెట్టుకోవాల్సింది. దర్జీ పనే, అయినా పెట్టుకోవాల్సింది.

ఓదిలోన్ కూడా ఇలాగే కూచుని ఉంటాడా? మా నాన్న వయసువాడు, మూడిళ్ళ అవతల ఉండేవాడు. ఒకప్పుడు ఆయన గిటారు కోసం కొండ అవతలి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. తర్వాత తర్వాత ఆయన గిటార్ల పొట్టలు లోపలికి పోవడం మొదలెట్టాయి. మొదటి చలికాలానికే పలక గిన్నెలా గుంటపడేది. ఎవరూ ఆయనతో అనలేదు. ఎదురుపడితే తాతా తాతా అని దణ్ణాలు పెట్టేవాళ్ళు, వెనక మాత్రం గిన్నెల ఓదిలోన్. ఊరంతా ఆ పేరే. ఒక ఏడు ఆయన చేసిన గిటారే ఒకటి, గుంటపడ్డది, తెచ్చి ఆయన తలుపుకి వేలాడదీశారు, ఆ గుంటలో కోడిగుడ్డు పెట్టి. వేలాడదీసింది వేరేవాళ్ళు. గుడ్డు పెట్టింది నేను. నాకు పంతొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు, చెవులు కుందేలు చెవులు. పొద్దున్నే తలుపు తీసి ఆయన ఆ గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు, వెచ్చగా ఉందేమో అన్నట్టు బుగ్గకి ఆనించుకున్నాడు, లోపలికి తీసుకుపోయి తలుపేసుకున్నాడు. మేం గోడ చాటున నోట్లో చొక్కా కుక్కుకుని నవ్వాం. ఆ తర్వాత ఆయన పెద్ద గిటారు కట్టలేదు. కోర్పుస్ పండుగకి విసరడానికి బొమ్మ గిటార్లు చేసేవాడు, ఆఖరి ఏడు దాకా విసిరాడు. వాటికి పలక ఎలా ఉన్నా ఒకటే. నా బుట్టలో నూట ఇరవై ఉన్నాయి. అటు చూడకూడదు, గింజ చూడాలి.

చేతి కింద బల్ల జివ్వుమంది. రెండో గంట.

సగం గడిచింది. సగం గడిస్తే మిగతా సగమూ గడుస్తుందా? నాన్న అనేవాడు, కుంగే పలక మొదటి అరగంటలోనే కుంగుతుందిరా అని. అన్నాడా? లేక నాకు కావాలని ఇప్పుడు ఆయన నోట్లో పెడుతున్నానా? పోయినవాళ్ళ మాటలు మనం ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. తీగలు శ్రుతిలోనే ఉన్నాయా అన్నది ఇంకో భయం. శ్రుతి తగ్గించి కట్టి ఉంటే లాగుడూ తక్కువే, అప్పుడు గింజ కదలకపోయినా లెక్కలోకి రాదు. లావు తీగలు మూడూ వినపడతాయి, సన్నవి మీటితే వేలి కింద కదలిక తప్ప ఏమీ లేదు. గిటారు తల అంచుని పళ్ళతో పట్టుకుని, చెవులు మూసుకుని, మీటి, దవడలో ఆ వణుకు ఎప్పుడు సమానమవుతుందో చూసి బిరడాలు తిప్పాను. తలుపు గడియ పెట్టుకునే తిప్పాను. మెరుగు మీద పళ్ళ గాట్లు పడ్డాయి, నాలుగు, ఎలక కొరికినట్టు. నున్నగా రుద్ది మళ్ళీ పూత పూశాను. గీసిన చెక్కే నోరు విప్పి చెబుతుందేమోనని పూశాను.

హెలాసియో ఊపిరితిత్తుల్లో ఒకటి తీసేశారు. ఆరు నెలలు ఉరువాపన్‌లో ఆసుపత్రి మంచం మీద ఉండి వచ్చి, రెండు పక్కటెముకలు లేని రొమ్ముతో నా గుమ్మంలో నిలబడి, క్రిసోఫోరో, పెద్ద గిటారు పెట్టుకుంటే ఎవరో గుండెల మీద కూచున్నట్టుందిరా, అన్నాడు. చిన్న ఒళ్ళుది ఒకటి కట్టు, గొంతు మాత్రం పెద్దదానికి ఉన్నట్టే ఉండాలి, నా గొంతు సగమైపోయింది కదా, మిగతా సగం అది పాడాలి. ఇరవై ఏళ్ళుగా కోర్పుస్‌కి ఆయన పాటే. మా భాషలో పాటలు కట్టేవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళలో ఆయన పెద్ద. పోయినేడు మెట్ల మీద ఎవరూ పాడలేదు, ఆయన మంచం మీద ఉన్నాడు కాబట్టి ఆ చోటు ఖాళీగానే వదిలేశారు. ఇవాళ ఆ మెట్ల మీద, ఊరంతా కింద నిలబడి ఉండగా, రెండో పాటలోనో మూడో పాటలోనో పలక విరిగిందనుకో. ముందు చిన్నగా పగులు చప్పుడు, అందరికీ వినపడుతుంది, పక్కనే నిలబడ్డ నాకు తప్ప. నేను ఇంకా నవ్వుతూనే ఉంటాను. అందరూ నా వైపు తిరిగాక కూడా నవ్వుతూనే ఉంటాను. నా భయం గిటారు విరగడం గురించి కంటే ఆ నవ్వు గురించే.

తారాజువ్వలే నా చెవులు తిన్నాయని నా నమ్మకం. పండగకి జువ్వలు వదిలేది నేనే, పాతికేళ్ళు వదిలాను, చేత్తో పట్టుకుని నిప్పంటించి చెవి పక్కనించి వదిలేవాణ్ణి, దూరంగా పెట్టి వదిలేవాడు మగాడే కాదన్నట్టు. కాదు, మా పినతండ్రి కొడుకు చెక్కలు కోసే మిషను మోత. కాదు, వయసు. నాన్నకి ఎనభై రెండేళ్ళప్పుడు కూడా చీమ నడిస్తే వినపడేది. నాకు అరవై ఒకటి. ముందు కీచురాళ్ళ సన్న చప్పుళ్ళు పోయాయి, తర్వాత చెంచా పళ్ళేనికి తగిలే చప్పుడు, తర్వాత మా చిన్నమ్మాయి ఫోనులో గొంతు. ఫోను దెల్ఫీనాకే ఇచ్చేస్తాను, పనిలో ఉన్నానని చెప్పమంటాను. పనిలో ఉన్నాడు, అని తను చెబుతుంది, నా వైపు చూడకుండా. చిన్నప్పుడు ఆ పిల్ల పైపలక మీద తల పెట్టుకుని పడుకునేది, నేను అడుగుపలక తడుతుంటే నిద్రపోయేది. ఏం వినపడుతోందే అంటే, లోపల ఎవరో నడుస్తున్నారు నాన్నా, అనేది.

కిటికీ అద్దం మీద గీత. ఇంకోటి. అద్దం నిండా గీతలు, అవి ఒకదాంట్లో ఒకటి కలిసి కిందికి జారుతున్నాయి, ఎదురింటి పెంకుల కొసల నుంచి దారాలు దారాలుగా నీళ్ళు. వాన. ఈ ఏటి మొదటి వాన, మా పెంకుల మీద ఎప్పట్నించి పడుతోందో. మా ఇంట్లో వాన ముందు చెవికే వచ్చేది, కొండ మీంచి దిగుతూ ఒక్కో కప్పూ తడుతూ వచ్చే చప్పుడు, నాన్న పని ఆపి, వస్తోందిరా, జిగురు మూత పెట్టు, అనేవాడు, ఆ తర్వాత ఎంతోసేపటికి మొదటి చినుకు. ఇప్పుడు బొమ్మలో వానలా ఉంది. ఇంత నీళ్ళు, ఇంత పెంకు, ఏమీ లేదు. ఊరంతా దుప్పటి కప్పేసి వీధిలోకి మోసుకుపోతున్నట్టు. ఎంతసేపు చూశానో తెలీదు. చెవుల నిండా ఆ ఈల తప్ప ఏమీ లేదు, ఒక్కటే ఈల, కొండ అవతల ఎవరో పిలుస్తున్నట్టు, పిలిచేవాళ్ళకి నేను పలకనని తెలిసినా పిలుస్తున్నట్టు.

దెల్ఫీనా చెయ్యి నా భుజం మీద పడింది. తిరిగేసరికి గదిలో మనుషులున్నారు. ఎపిఫానియా గుమ్మానికి ఆనుకుని నీలం చారల శాలువా విదిలిస్తోంది, వానకి తలదాచుకోవడానికి రాలేదు, పండుగ పూట పొగరుబోతు ఇంట్లో ఏం జరుగుతోందో చూడ్డానికి వచ్చింది. హెలాసియో అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. గిటారుని రెండు చేతులతో ఎత్తి, రొమ్ముకి ఆనించుకుని, ఊపిరి పీల్చి చూసుకుంటున్నాడు, ఆడుతోందా లేదా అని. దుప్పటి మీద గింజ లేదు. నేల మీద చూశాను. నేలంతా గింజలే, పొద్దున్నించీ దెల్ఫీనా ఒలుస్తూంటే చెదిరినవి, వాటిలో ఏది నాది? ఎత్తినప్పుడు దొర్లి పడిందా? నేను వాన చూస్తున్నప్పుడు కన్నంలోకి జారిందా? హెలాసియో గిటారు కొంచెం వంచాడు. దెల్ఫీనా ఆయన వైపు చూసింది. ఆయన దెల్ఫీనా వైపు చూశాడు. అంతే, మళ్ళీ కళ్ళు మూసుకుని మీటడం మొదలుపెట్టాడు.

చూస్తున్నాను. వేళ్ళు చూస్తున్నాను, వేళ్ళని బట్టి ఏ పాటో తెలుస్తోంది. ఆయన మొహం చూస్తున్నాను. కనురెప్పల కింద తడి. పల్చటి పలక మొదట్లో బ్రహ్మాండంగా పాడుతుంది, అది మేస్త్రీలందరికీ తెలుసు, గుంటపడే ముందు దానంత గొంతు ఇంకో దానికి ఉండదు. ఎపిఫానియా శాలువా విదిలించడం ఆపేసింది. ఎప్పుడూ కదిలే ఆ నోరు కూడా ఆగింది. నేను కట్టినవాటిలో ఇదే గొప్పదేమో. అది ఈ గదిలో ముగ్గురికి తెలుసు.

కాళ్ళ కింద నేల జివ్వుమంది. మూడో గంట. హెలాసియో పాట ఆపి, నా మెడ చుట్టూ చెయ్యి వేసి ఏదో అన్నాడు, చెవి దగ్గర అన్నాడు కాబట్టి పెదాలు కనపడలేదు. తల ఊపాను. తన శాలువాలో గిటారు చుట్టి చంకన పెట్టుకున్నాడు. గుమ్మం నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులూ నేను ఊరుకుంటే చాలు. ఊరుకుంటే మెట్ల దాకా వెళ్తుంది, ఇవాళ్టికి నిలవచ్చు కూడా, ఆ తర్వాత చలికాలం, ఆ తర్వాత ఊరంతా నాకు తాతా తాతా అని దణ్ణాలు పెడతారు. అడిగితే అడిగినట్టే తెలిసిపోతుంది. పక్కనే పడ్డ గింజ చప్పుడు గురించి ఇంకొకరిని అడిగే మేస్త్రి ఉంటాడా? అదీ ఎపిఫానియా ముందు. ఓదిలోన్ గుడ్డుని బుగ్గకి ఆనించుకున్నాడు. ఆయన అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణా? నా గొంతు నాకే ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది, గట్టిగా వచ్చిందో మెల్లిగా వచ్చిందో కూడా తెలీదు.

"దెల్ఫీనా, గింజ లోపల పడిన చప్పుడు నీకు వినపడిందా?"

దెల్ఫీనా చేతిలో ఉన్న కంకి వైపు చూసింది. హెలాసియో గుమ్మంలో ఆగిపోయాడు, చంకలో గిటారుని కదలకుండా పట్టుకుని. అప్పుడు ఎపిఫానియా నా ఎదురుగా వచ్చి నిలబడింది, దెల్ఫీనాలాగే మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా నమిలింది.

"పడి చాలాసేపయింది తాతా. ఆయన ఎత్తినప్పట్నించీ లోపల గలగలమంటూనే ఉంది, నీకొక్కడికే వినపడ్డం లేదు."